బాపు వ్రాత

పెళ్లి శుభలేఖ ఇంటికి రాగానే, వధూవరుల పేర్లు చదువుటకు ముందే, “ఇది బాపు అక్షరము” అని మనలో చాలమంది గుర్తుపట్టుట కద్దు. ఆ అక్షరపు పుట్టుపూర్వోత్తరములను సోదరసోదరీమణులకు నాలుగు మాటలలో మనవి చేయుచున్నాము.

పూర్వము మనవారు తాటాకుపై గంటముతో వ్రాసెడివారు. అడ్డముగా తిన్నని గీత గీసిన ఆకు చీలును. అందుచేతనే తెలుగు అక్షరము గుండ్రబడినదని పెద్దలు చెప్పుదురు. మేము నివసించు ఖుర్దా రోడ్డులో మా పొరుగువారి ఒడియా అక్షరమునకును ఇదే కారణము చెప్పుదురు. కాగితము వచ్చిన తరువాత గ్రామ కరణములు గొలుసుకట్టు వ్రాతలో లెక్కలు వ్రాసినారు. అది వేగము కొరకు పుట్టినది. అలవాటు లేనివారికి కొరుకుడు పడదు.

1746-47 సంవత్సరములలో జర్మనీ దేశపు హాలే పట్టణమున తెలుగు పుస్తకములు అచ్చైనవి. సీసపు అక్షరము స్పష్టమైనదే గాని, అందు చేతివాటము కనబడదు. కనుక పత్రికలవారు కథల పేర్లను చిత్రకారులచేత వ్రాయించి, బ్లాకులు చేయించి వేసెడివారు.

ఆ పనిలో పేరు గాంచినవారు బాపుగారు. అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933లో నరసాపురమున జన్మించి, 1955లో మద్రాసు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్ర పట్టము పొందియు, కుంచెనే నమ్ముకొన్నారు. 2014లో మద్రాసులోనే కన్నుమూసినారు. తెలుగువారందరు తమదనుకొను ఆ వ్రాత తమిళదేశమున పెరిగినదన్నమాట. ప్రవాసులమైన మనకు ఇది సంతోషకరమైన సంగతి. కంప్యూటరు వచ్చిన పిదప ఆ చేతివ్రాతయే ఫాంటు అయినది.

దాని సొగసు తలకట్టు విసురులోను, సన్నని తీగవంటి సాగుదలలోను ఉన్నది. శుభలేఖకు, పుస్తకపు అట్టకు, కవిత పేరుకు ఎంతో అందము. కాని అన్నిటికి పనికిరాదు. రెండేండ్ల క్రిందట మా కాలనీ ఉగాది ఆహ్వానమును మొదలు నుండి తుద వరకు ఈ ఫాంటులోనే వేయించినాము. మా అమ్మాయి బడిలో ఒడియా చదువుచు, ఇంట పెద్దబాలశిక్ష దిద్దుచున్నది. ఆ కార్డు చేత పట్టుకొని, “నాన్నా, ఇది కూడ తెలుగేనా?” అని అడిగినది. మాకు మాట రాలేదు. మరుసటి యేడు శీర్షిక మాత్రమే బాపు అక్షరములలో ఉంచి, వేళయు, స్థలమును నిలువుటక్షరములలో వేయించినాము. ఆ పిల్ల కూడబలుకుకొని తుదివరకు చదివినది.

ఇంకొక మాట. ఫాంటులో ఎన్ని ‘క’లు వేసినను అన్నియు ఒక్కటే. చేతితో వ్రాసిన రెండు ‘క’లు ఒకటిగా ఉండవు. బాపుగారి వ్రాత కూడ మొదట చేతితో వ్రాసినదే గదా! కావున ఈ ఉగాదినాడు ప్రతి యింట పిల్లలచేత తాతగారికో అమ్మమ్మగారికో ఒక్క కార్డు ముక్క తెలుగున వ్రాయించవలసినదిగా కోరుచున్నాము. వంకరటింకరగా ఉన్నను ఫరవాలేదు.