వేపమండ నుంచి మాస్కు దాకా: దూరం పెట్టాల్సింది రోగాన్ని, మనిషిని కాదు



కరోనా కాలంలో ఒక మాట చాలాసార్లు విన్నాం. కొండ ఊళ్ళవాళ్ళకి శుభ్రం తెలియదు, జాగ్రత్తలు తెలియవు, అన్నీ ఎవరో వచ్చి నేర్పాల్సిందే అని. అది నిజం కాదు. అంటురోగం వస్తే ఇంటిని ఎలా కాచుకోవాలో మన కొండల్లోనూ, కింద ఉద్దానం ఊళ్ళలోనూ పాత పద్ధతులు ఉన్నాయి. వాటిలో ఏది పనికొచ్చింది, ఏది పనికిరాలేదు, కరోనాలో పలాస, టెక్కలి, ఉద్దానం వైపు ఏం జరిగింది అన్నది మన చరిత్రగా రాసి పెట్టుకోవాలి. అందుకే ఇది.

ముందు మశూచి సంగతి. రోగం అనకుండా 'అమ్మవారు పోసింది' అనేవాళ్ళు. గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్ళు. రోగిని విడిగా పడుకోబెట్టేవాళ్ళు. బయటివాళ్ళు లోపలికి రాకూడదు, ఇంట్లోవాళ్ళు పేరంటాలకి, సంతకి పోకూడదు. వేపాకుకి మశూచిని చంపే శక్తి లేదు. కానీ గుమ్మానికి వేలాడే ఆ మండ ఒక బోర్డు లాంటిది. చదువు రానివాడు కూడా దాన్ని చూసి ఆగిపోతాడు. రోగం గాలిలో ఎలా పాకుతుందో తెలియని రోజుల్లోనే జనం దాని దారికి అడ్డం వేశారన్నమాట. మశూచి వచ్చి తగ్గినవాళ్ళకి అది మళ్ళీ రావడం చాలా అరుదు. రోగి దగ్గర కూర్చుని సేవ చెయ్యడానికి వాళ్ళే తగినవాళ్ళు. అయినా మశూచిని ఆఖరికి పోగొట్టింది వేప కాదు, టీకా. మన దేశంలో చివరి కేసు 1975లో వచ్చింది. ప్రపంచం నుంచే పోయిందని 1980లో ప్రకటించారు.

ఇక 1918 ఇన్‌ఫ్లుయెంజా. అప్పుడు మన టెక్కలి, పలాస మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేవి. శ్రీకాకుళం జిల్లా అన్నదే లేదు, అది 1950లో ఏర్పడింది. ఆ జ్వరం 1918 జూన్‌లో బొంబాయి రేవులో మొదలై రైలు దారుల వెంట దేశమంతా పాకింది. వానాకాలం చివర వచ్చిన రెండో దెబ్బ ఇంకా పెద్దది. దేశంలో కోటి మందికి పైగా పోయారు. 1911 లెక్కతో చూస్తే 1921 జనాభా లెక్కల్లో దేశ జనాభా పెరగకపోగా కాస్త తగ్గింది. ఆ జ్వరానికి అప్పుడు టీకా లేదు, మందు లేదు. పడుకోబెట్టి గంజి పోసి, నీళ్ళు పట్టే మనిషి ఇంట్లో మిగిలి ఉండటమే వైద్యం. ఇంట్లో అందరూ ఒకేసారి పడిపోతే గంజి కాచేవాళ్ళు కూడా ఉండరు.

ఇప్పుడు 2020కి వద్దాం. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ చివరి వారం దాకా మన జిల్లాలో ఒక్క కేసు కూడా నమోదు కాలేదు. తొలి కేసులు పాతపట్నం మండలంలో బయటపడ్డాయి. ఏజెన్సీలో చాలా ఊళ్ళు అప్పటికే దారికి అడ్డంగా కర్రలు, ముళ్ళకంచెలు వేసుకున్నాయి. అది పాత పద్ధతే. ఊరు కొంతవరకు కాచుకుంది కానీ దానికి ఖరీదు కూడా కట్టింది. సరిగ్గా అదే జీడి, చింతపండు చేతికొచ్చే కాలం. సంతలు లేవు, పలాస జీడి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. గుజరాత్‌లోని వెరావల్ రేవులో చిక్కుకున్న మన తీరం మత్స్యకారులు బస్సుల్లో తిరిగొచ్చారు. సొంత ఊరి మనిషే అయినా గుమ్మంలోకి రానివ్వాలా వద్దా అన్న ప్రశ్న ఇంటింటికీ వచ్చింది.

రోగం తక్కువగా ఉంటే ఇంట్లోనే విడిగా ఉండొచ్చని ప్రభుత్వం నిబంధనలు ఇచ్చింది. అయితే ఇంట్లో విడిగా ఉండే సదుపాయం ఉండాలి, 24 గంటలూ చూసుకునే మనిషి ఉండాలి అన్నది షరతు. ఒకే గది ఉన్న ఇంట్లో ఆరుగురు ఉంటే విడి గది ఎక్కడిది? బోరు దగ్గర బిందె కోసం నిలబడే ఇంట్లో పది సార్లు చేతులు కడుక్కోవడం ఎలా? జాగ్రత్త అనేది తెలివి ఒక్కదానితో అయ్యే పని కాదు. దానికి చోటు కావాలి, నీళ్ళు కావాలి. ఈ వైరస్ సన్నటి తుంపరలుగా గాలిలో 10 మీటర్ల దాకా పోగలదని, కిటికీలు తెరిచి ఉంచమని 2021 మేలో కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సలహాదారు కార్యాలయం చెప్పింది. ఆ లెక్కన కిటికీ లేని గది కంటే మన ఇంటి అరుగు, వాకిట్లో నులక మంచం మేలు.

ఉద్దానంలో ఇంకో కష్టం ఉంది. ఎన్నో ఏళ్ళుగా కిడ్నీ జబ్బుతో నలిగిన ప్రాంతం అది. డయాలసిస్ రోగికి 'ఇంట్లోనే ఉండు' అన్న మాట కుదరదు. వారానికి రెండు మూడు సార్లు ఆసుపత్రికి పోకపోతే ప్రాణమే పోతుంది. ఆ రోజుల్లో అందరూ చెప్పిన చిట్కాలు కూడా వీళ్ళకి పనికిరావు. వేడి నీళ్ళు, కషాయాలు ఎక్కువగా తాగమన్నారు. డయాలసిస్ రోగి నీళ్ళు కొలిచి తాగాలి. కొబ్బరి నీళ్ళు మంచివన్నారు. అందులో పొటాషియం ఎక్కువ, కిడ్నీ పాడైనవాళ్ళ గుండెకి అది ప్రమాదం. ఒళ్ళునొప్పులకని కొట్లో ఇచ్చే కొన్ని నొప్పి బిళ్ళలు మిగిలిన కిడ్నీని కూడా దెబ్బతీస్తాయి. కాబట్టి ఎవరి జాగ్రత్త వాళ్ళ ఒంటిని బట్టి ఉండాలి.

2020 జూన్ 26న పలాసలో జరిగింది మనం మర్చిపోకూడదు. కరోనాతో పోయాడన్న భయంతో ఒక పెద్దాయన శవాన్ని జేసీబీ తొట్టిలో వేసి శ్మశానానికి తీసుకుపోయారు. ఆ వీడియో దేశమంతా చూసింది. మున్సిపల్ కమిషనర్‌ని, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని సస్పెండ్ చేశారు. శవం ముట్టుకుంటే రోగం వస్తుందన్న భయమే దీని వెనక ఉంది. కానీ కేంద్ర ఆరోగ్య శాఖ అంతకు మూడు నెలల ముందే, మార్చి 15న, రాతపూర్వకంగా చెప్పింది: రోగం ప్రధానంగా తుంపర్ల వల్ల పాకుతుంది, జాగ్రత్తలు పాటిస్తే శవం వల్ల అదనపు ప్రమాదం ఉండే అవకాశం తక్కువ, కారని సంచిలో పెట్టి, బంధువులకి ఆఖరి చూపు చూపించి, ముట్టుకోకుండా చేసే కర్మలు చేసుకోవచ్చు అని. ఆ కాగితం ఆఫీసుల్లో ఉంది, భయం వీధుల్లో ఉంది. కాగితం వీధిలోకి రాలేదు.

ఇక్కడే మన పాత పద్ధతి ఒక పాఠం చెప్తుంది. వేపమండ కట్టిన ఇంటివైపు జనం పోరు, కానీ ఆ ఇంట్లో రోగిని ఎవరూ వదిలెయ్యరు. ఒకరు దగ్గరుండి చూసుకుంటారు. రోగాన్ని ఆపే గీత ఒకటి, మనిషిని వెలివేసే గీత ఒకటి. రెండూ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. పలాసలో జరిగింది రెండోది.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇంకో రోగం రాదని ఎవరూ చెప్పలేరు. అది వచ్చేలోపు మనం చెయ్యగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. ఊళ్ళో గాలి ఆడే ఒక బడి గదో, సామాజిక భవనమో విడిగా ఉండటానికి ముందే అనుకుని పెట్టుకోవాలి. ఏ ఇంట్లో కిడ్నీ రోగి ఉన్నారో, బాలింత ఉందో, ఒంటరి ముసలివాళ్ళు ఉన్నారో రాసుకోవాలి. విడిగా ఉన్న ఇంటి గుమ్మం దగ్గర బియ్యం, నీళ్ళు, మందులు పెట్టే బాధ్యత ఎవరిదో తేల్చుకోవాలి. ప్రభుత్వ సూచనలని సవర, జాతాపు పెద్దలకి వాళ్ళ మాటలోనే చెప్పాలి. చదువుకున్నది మనం కాబట్టి, కాగితాన్ని వీధిలోకి తెచ్చే పని మనదే.

జై ఆదివాసీ.