నూగుచెక్క నుంచి పల్లిచెక్క దాకా: నడిగడ్డ తీరాన చేపల మేత

కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న గద్వాల, అలంపూర్ ప్రాంతానికి నడిగడ్డ అని పేరు. కృష్ణకు ఆవలి ఒడ్డున వనపర్తి, దిగువన కొల్లాపూర్, సోమశిలలతో నాగర్‌కర్నూల్ జిల్లా ఉన్నాయి. గాలానికి గుచ్చేది ఎర అయితే, గాలం వేయడానికి ముందే చేపలు ఒకచోట గుమిగూడేందుకు నీటిలో చల్లేది మేత. అమెరికా తూర్పు తీరంలో ఉప్పునీటి వేటకు మెన్‌హేడెన్ వంటి నూనె చేపలను రుబ్బి నీటిలో వదులుతారు. ఆ నూనె, వాసన ప్రవాహం వెంట సాగి దూరాన ఉన్న పెద్ద చేపలను రప్పిస్తాయి. సముద్రానికి ఎంతో దూరమైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఆ పని ప్రధానంగా నూనెగింజల చెక్క చేసింది గనుక, ఇక్కడి మేత చరిత్రను వలల్లో కంటే గానుగల్లోనే ఎక్కువగా వెతకవలసి ఉంటుంది.

మేత వేసే ఈ విద్యకు దక్కిన పాత లిఖిత సాక్ష్యాలలో ముఖ్యమైనది మానసోల్లాసం. 1126 నుంచి 1138 వరకు పాలించిన కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో కూర్చిన ఈ విజ్ఞానకోశంలో మత్స్యవినోదమనే అధ్యాయం ఒకటి ఉంది. అది చేపలను సముద్రపువి, మంచినీటివి అని విడదీసి, వేటికి ఏ మేత వేయాలో చెప్పి, గాలాన్ని, దాని తాడును, కర్రను వర్ణిస్తుంది. ప్రసిద్ధ మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఈ అధ్యాయంపై ప్రత్యేక వ్యాసం ప్రకటించారు. అలంపూర్ పరిసరాలు కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఉండేవి, ఈ జిల్లాలున్న పాలమూరు సీమను వారి సామంతులైన కందూరు చోడులు పాలించేవారు. కాబట్టి ఆ గ్రంథాన్ని ఈ నేలకు పరాయిదిగా చూడనక్కరలేదు. అయితే అందులో ఉన్నది రాజు వినోదం. పొట్టకూటికి నదిలో దిగిన బెస్తల, ముదిరాజుల అనుభవాన్ని ఆ శ్రద్ధతో గ్రంథస్థం చేసినవారు లేకపోవడం ఈ చరిత్రలో నిజంగా బాధ కలిగించే లోటు.

మేత తయారీ చూడటానికి సులువుగా కనిపించినా దాని వెనుక నిశితమైన పరిశీలన ఉంది. చెక్క అంటే గింజ నుంచి నూనె పిండగా మిగిలిన గట్టి పిప్పి. దాన్ని నానబెట్టి రోట్లో మెత్తగా రుబ్బి, తవుడు, జొన్నపిండి కలిపి, ముద్ద విడిపోకుండా గంజి పోసి ఉండలు కడతారు. బొచ్చె, రవు, మెరిగ వంటి గండుచేపలకు దవడల్లో పళ్లుండవు, గొంతులోని పళ్లతోనే నలుపుకుంటాయి. అందుకే వాటి మేత మెత్తగా ఉండాలి. పైకి తిరిగిన నోరున్న బొచ్చె పైనీటిలోనూ, రవు నడినీటిలోనూ, కిందికి వంగిన నోరున్న మెరిగ అడుగునా మేస్తాయి గనుక, దిగుతూ కొంచెం కొంచెంగా చితికే ఉండ మూడింటికీ అందుతుంది. మరీ గట్టిగా కట్టిన ఉండ నేరుగా అడుగుకు చేరుతుంది, మరీ పలచనైనది ప్రవాహంలో కొట్టుకుపోతుంది. వాలుగ, జెల్ల, కొర్రమట్ట మాంసాహారులు. వాటికి వానపాములు, చిన్న రొయ్యలు, ఈ మధ్యకాలంలో కోడిపేగులు వాడుతున్నారు. ఎండాకాలంలో నది పాయలుగా చీలి మడుగుల్లో నిలిచినప్పుడు, పుట్టి మీద, అంటే వెదురు అల్లికకు ఒకప్పుడు తోలు, ఇప్పుడు టార్పాలిన్ కప్పిన గుండ్రని పడవ మీద వెళ్లి, మేత వేసిన చోటే మళ్లీ మళ్లీ వేయడం వల్ల చేపలు ఆ తావుకు అలవాటుపడతాయి.

ఉండలోని చెక్క ఏదన్నది పొలాన్ని బట్టి మారింది. నువ్వులు ఈ నేలకు పాతపంట. నూనె తీశాక మిగిలే నూగుచెక్కను, అంటే తెలగపిండిని, మనుషులు కూర వండుకునేవారు, పశువులకు పెట్టేవారు, చేపల మేతకూ వాడేవారు. పాలమూరులో విస్తారంగా పండిన ఆముదం మాత్రం మేతకు పనికిరాలేదు, ఎందుకంటే ఆముదపు చెక్కలో రిసిన్ అనే విషం ఉంటుంది. అది పొలానికి ఎరువుగానే పోయింది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన వేరుశనగ 19వ శతాబ్దంలో దక్షిణ భారతంలో వాణిజ్యపంటగా వ్యాపించి, క్రమంగా వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ నేలల్లో ప్రధాన పంటల్లో ఒకటైంది. అప్పటి నుంచి చౌకగా దొరికే పల్లిచెక్కదే పైచేయి అయింది. ఎద్దుగానుగ చెక్కలో నూనె ఎక్కువ మిగులుతుంది, మిల్లు చెక్కలో తక్కువ. వాసన పట్టింపు ఉన్నవారు గానుగచెక్క కోసం వెతకడంలో అర్థముంది.

చెక్కతోపాటు వేటాడే నీరూ మారింది. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలం ఆనకట్ట వెనుక 1980లలో నీరు నిండడంతో ఊళ్లు మునిగాయి, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపూర్‌కు తరలించారు, పారే నది కొల్లాపూర్ వైపు నిలిచే నీరైంది. ఆ వెనుకజలాలకు కోస్తా నుంచి వలస వచ్చినవారు సన్నకన్నుల అలివి వలలు దించడంతో, పిల్లచేపలు సైతం తుడిచిపెట్టుకుపోతున్నాయని స్థానిక జాలర్లు చేస్తున్న ఆందోళన న్యాయమైనది. మరోవైపు 1957 జూలై 10న శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి గండుచేపలకు పీయూషగ్రంథి రసం ఎక్కించి గుడ్లు పెట్టించడంతో చేపపిల్లల ఉత్పత్తి సులువై, చెరువుల పెంపకం పెరిగింది. తవుడు, పల్లిచెక్క సమపాళ్లలో కలిపిన మిశ్రమాన్నే శాస్త్రవేత్తలు పెంపకపు మేతగా సిఫారసు చేశారు. అయితే పల్లిచెక్కతో ఒక ప్రమాదమూ ఉంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు చనిపోవడానికి బూజుపట్టిన వేరుశనగ చెక్కలోని విషమే కారణమని తేలింది. అఫ్లాటాక్సిన్ అనే ఆ విషం వేడికి సులువుగా నశించదు గనుక, చెమ్మ తగిలి బూజెక్కిన చెక్కను ఎండబెట్టినా, ఉడికించినా మేతలో కలపడం క్షేమం కాదు.