పట్టుపోగు బలం ఎక్కడుంది?



మొన్న సంక్రాంతికి మా అమ్మ ఇచ్చిన ధర్మవరం చీర బయటికి తీస్తుంటే మా అమ్మాయి అడిగింది: "నాన్నా, పురుగు కట్టిన దారం నానమ్మ పెళ్ళినాటి నుంచీ ఎలా నిలిచింది?" జవాబు వెతుక్కుంటూ పోతే కథ మన మాంట్రియల్ దాకా వచ్చింది.

ముందు పోగు సంగతి. గూటిలోని పోగులో ఫైబ్రాయిన్ అనే ప్రోటీన్ పోచలు రెండుంటాయి. వాటిని అంటిపెట్టి ఉంచే జిగురు సెరిసిన్. గూటి పట్టు బరువులో దాదాపు నాలుగో వంతు ఈ జిగురే. సబ్బునీళ్ళలో ఉడికించి దాన్ని తీసేస్తేనే పట్టుకి ఆ మెరుపు, ఆ మెత్తదనం. ఫైబ్రాయిన్ గొలుసులు పక్కపక్కనే ఒత్తుగా చేరి, పొర మీద పొరగా పేరుకుంటాయి. వీటిని బీటా షీట్లంటారు. 1955లో మార్ష్, కోరీ, పాలింగ్ ఎక్స్-రేల సాయంతో ఈ అమరికను వివరించారు. పోగు బలం ఈ పొరలదే. వాటి మధ్య వదులుగా ఉన్న భాగాల వల్ల అది సాగుతుంది.

విచిత్రమేమిటంటే, పురుగు ఒంట్లో ఈ ప్రోటీన్ నీళ్ళలో కరిగే ఉంటుంది. పురుగు తల అటూ ఇటూ తిప్పుతూ లాగినప్పుడే గొలుసులు వరసలోకొచ్చి గట్టిపడతాయి. ల్యాబ్‌లో ఫైబ్రాయిన్‌ని కరిగించి పల్చటి పొరగా ఆరబెడితే అది మళ్ళీ నీళ్ళలో కరిగిపోవచ్చు. దానికే మిథనాల్ తగిలిస్తే బీటా షీట్లు ఏర్పడి, ఇక కరగదు. సరుకు అదే, సర్దుకున్న తీరు వేరు.

ఈ తేడా దగ్గరే క్యూబెక్‌లోని నెక్సియా బయోటెక్నాలజీస్ చిక్కుకుంది. 1993లో పుట్టిన ఈ కంపెనీ సాలీడు దారం మీద ఆశ పెట్టుకుంది. సాలీళ్ళను మందగా పెంచలేం, ఒకదాన్నొకటి తినేస్తాయి. అందుకని సాలీడు జన్యువుని మేకల్లో పెట్టి, పాలలోంచి ప్రోటీన్ తీయాలనుకున్నారు. దారానికి 'బయోస్టీల్' అని పేరు కూడా పెట్టేశారు. 2002 జనవరిలో అమెరికా సైన్యం శాస్త్రవేత్తలతో కలిసి 'సైన్స్' పత్రికలో ఓ ఫలితం ప్రకటించారు. జంతుకణాల్లో తయారైన ప్రోటీన్‌తో దారం వడికారు. తెగకుండా దెబ్బ ఓర్చుకోవడంలో అది సాలీడు దారానికి దగ్గరగా వచ్చింది కానీ, బలంలో తగ్గింది. ప్రోటీన్ చేతికొచ్చింది, అమరిక రాలేదు. ఆ దారం బజారుకి రానేలేదు. కొన్ని మేకలు అమెరికాలో ర్యాండీ లూయిస్ అనే శాస్త్రవేత్త దగ్గరికి చేరాయి.

కోట్ల డాలర్ల కంపెనీకి కుదరని పనిని పురుగు మల్బరీ ఆకు తిని, మామూలు వేడిలో, నీళ్ళతోనే చేస్తోంది. మా అమ్మాయికి ఇదే చెప్పాను. ఈసారి పట్టుచీరల మడతలు మార్చేటప్పుడు మీ పిల్లల్నీ పక్కన కూర్చోబెట్టుకోండి. అడగడానికి వాళ్ళ దగ్గర ప్రశ్నలుంటాయి.