ఎండిన పోగు, ఏడు సముద్రాలు

నూడుల్స్‌ను ముందు చేసింది చైనావాళ్లా, ఇటలీవాళ్లా అనే తగువు చాలాకాలం నడిచింది. 2005లో ఆ తగువులోకి ఒక మట్టిగిన్నె సాక్షిగా వచ్చింది. చైనాలోని చింగ్‌హాయ్ రాష్ట్రంలో, పసుపు నది ఎగువ ఒడ్డున లాజియా అనే పాతకాలపు ఊరి దిబ్బ ఉంది. సుమారు 4,000 ఏళ్ల కింద భూకంపమూ వరదా కలిసి ఆ ఊరిని మట్టిలో కలిపేశాయి. తవ్వకాల్లో మూడు మీటర్ల లోతున బోర్లాపడిన గిన్నె దొరికింది. తీసి చూస్తే మట్టి దిమ్మ మీద చుట్టలు చుట్టుకున్న పసుపుపచ్చని పోగులు. కొన్ని అర మీటరు పొడుగున్నాయి. గాలి తగిలాక అవి పొడిపొడిగా రాలిపోయాయి. ఆ అవశేషాలను పరీక్షిస్తే తేలింది గోధుమ కాదు, కొర్రలు, వరిగలు!

కొర్రపిండికి సాగే గుణం లేదు. గోధుమలోని గ్లూటెన్ అనే మాంసకృత్తి వల్లే తడిపిన ముద్ద తెగకుండా సాగుతుంది. ఆ బంక లేకుండా అంతంత పోగులు ఎలా తీశారని కొందరు శాస్త్రజ్ఞులు సందేహించారు. తర్వాత పరిశోధకులు కొర్రముద్దను చిల్లుల్లోంచి ఒత్తి అలాంటి పోగులే తీసి చూపించారు. మనిళ్లలో జంతికల గొట్టం చేసే పనీ అదే. సాగని పిండిని జనం ఎక్కడైనా ఇలాగే దారికి తెచ్చుకున్నారు. తమిళుల, మలయాళీల ఇడియాప్పం అలా ఒత్తిందే. కొరియావాళ్లు చల్లటి పులుసులో తినే నెంగ్‌మ్యోన్ కూడా అంతే. వియత్నాం ఫో దారి వేరు. బియ్యప్పిండి జావను గుడ్డ మీద పల్చగా పోసి, ఆవిరికి ఉడికించి, ఆ పొరను పట్టీలుగా కోస్తారు.

ఇక పిండి సాగే చోట చేతులదే రాజ్యం. చైనాలోని లాన్‌జౌ నగరంలో వంటవాడు గోధుమ ముద్దను బారెడు సాగదీసి, రెండుగా మడిచి, మళ్లీ సాగదీస్తాడు. మడిచిన ప్రతిసారీ పోగులు రెట్టింపు. ఎనిమిది మడతలకు 256. ముద్దకు సాగుడు రావడానికి ఒకప్పుడు ఒక జాతి మొక్కను కాల్చిన బూడిద నుంచి క్షారం తీసి కలిపేవారు. వెంట్రుకంత సన్నం నుంచి బెల్టంత వెడల్పు దాకా, ఏ రకం కావాలో తినేవాళ్లే చెబుతారు. పొద్దున్నే గొడ్డుమాంసం పులుసులో వేసిన ఆ పోగులతోనే ఆ నగరానికి తెల్లవారుతుంది.

అయితే తడి పోగుకు ఆయుష్షు ఒక్కపూటే. చేసిన చోటే, చేసిన వేళే తినాలి. ఎండిన పోగు అలా కాదు. అది ఓడెక్కుతుంది, కొట్టు అటక మీద నెలలు గడుపుతుంది, పంట పోయిన ఏడాది ఇంటిని ఆదుకుంటుంది. నూడుల్స్‌కు అసలు చరిత్ర పిండిని పోగుగా చేసిన రోజున కాదు, ఆ పోగులోంచి తడిని తీసేయడం నేర్చిన రోజున మొదలైందని నేను నమ్ముతాను.

ఆ విద్యకు దొరికిన తొలి గట్టి సాక్ష్యాల్లో ఒకటి ఇటలీ పక్కనున్న సిసిలీ ద్వీపంలో ఉంది. పలెర్మోలో కొలువుతీరిన రాజు రెండవ రోజర్ కోసం అల్ ఇద్రీసీ అనే అరబ్బు భూగోళవేత్త 1154లో ఒక గ్రంథం పూర్తిచేశాడు. ట్రాబియా అనే ఊళ్లో పారే నీళ్లతో మరలు తిరుగుతాయనీ, అక్కడ ఇత్రియా అనే పిండివంట విస్తారంగా తయారవుతుందనీ, ఓడలకు ఓడలు నింపి కలాబ్రియాకూ, ముస్లిం, క్రైస్తవ దేశాలకూ పంపుతారనీ అందులో రాశాడు. సముద్రాలు దాటిందంటే అది ఎండినదే అయి ఉండాలి.

మరి నూడుల్స్‌ను వెనిస్ యాత్రికుడు మార్కో పోలో చైనా నుంచి ఇటలీకి తెచ్చాడన్న కథ? అతను వెనిస్‌కు తిరిగొచ్చింది 1295లో. 1279లోనే జెనోవాలో ఒక సైనికుడు వదిలిపోయిన ఆస్తుల చిట్టాలో గంపెడు మాకరోనీ నమోదై ఉంది. గంపలో దాచి వారసులకు వదిలిందంటే అదీ ఎండు సరుకే. మార్కో పోలో కథకు ఊపిరిపోసింది 1929లో అమెరికాలో మాకరోనీ వ్యాపారుల పత్రిక ఒకటి.

ఎండబెట్టడం తేలికనుకుంటాం. గబగబా ఎండితే పైపొర బిగుసుకుని, లోపలి తడి బయటికి రాలేక పోగు పగులుతుంది. మరీ నెమ్మదిగా ఎండితే బూజు పడుతుంది. నేపుల్స్ దగ్గర గ్రాన్యానోలో అటు కొండ, ఇటు సముద్రం. ఆ గాలికి వీధి పొడవునా కర్రల మీద పాస్తాను ఆరేసి, తడీ పొడీ చూసుకుంటూ ఎండబెట్టేవారు. మన ఊళ్లలో ఎండాకాలం వడియాలు, అప్పడాలతో పాటు సేమ్యా చేసిన ఆడవాళ్లకు ఈ లెక్క తెలుసు. నానిన పిండి చేతికి ఎలా తగలాలో, పోగుల్ని ఎండలోంచి ఎప్పుడు నీడకు మార్చాలో వాళ్లు పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. రంజాన్ పండగనాడు హైదరాబాద్ ఇళ్లలో పాలలో ఉడికి షీర్ ఖుర్మా అయ్యేదీ, పెళ్లి విస్తట్లో పాయసమయ్యేదీ ఆ ఎండుపోగే.

ఎండ లేకుండా, గాలి లేకుండా, నిమిషాల్లో తడి తీసేసిన మనిషి మొమొఫుకు ఆండో. 1910లో తైవాన్‌లో పుట్టి, జపాన్‌లో స్థిరపడ్డాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, బాంబుదాడుల్లో కూలిన ఒసాకాలో చలిరాత్రి రామెన్ అనే పులుసు నూడుల్స్ బండి ముందు బారులు తీరిన జనాన్ని చూశాడు. వేడివేడి గిన్నె కోసం అంతసేపు నిలబడ్డ ఆ మనుషులు ఆయన మనసులోంచి పోలేదు. 1957లో తాను నడిపిన రుణసంఘం దివాలా తీసింది. ఆస్తంతా పోయింది, ఇకెదా పట్టణంలో ఇల్లొక్కటే మిగిలింది. అప్పటికి ఆయనకు నలభై ఏడేళ్లు. పెరట్లో చిన్న పాక వేసుకుని, అందులో పగలూ రాత్రీ నూడుల్స్‌తో కుస్తీ పట్టాడు.

దారి చూపింది వంటిల్లే. భార్య నూనెలో టెంపురా అనే బజ్జీల్లాంటివి వేయిస్తుంటే పిండిలోని తడి బుడగలై పోవడం ఆయన కంటపడింది. ఉడికిన నూడుల్స్‌ను అలాగే కాగే నూనెలో వేశాడు. నీరు ఆవిరై పోతూ పోగంతా సన్నటి చిల్లులు మిగిల్చింది. తర్వాత వేడినీళ్లు పోస్తే ఆ చిల్లుల్లోంచే లోపలికి దిగి పోగు మళ్లీ మెత్తబడింది. 1958 ఆగస్టు 25న చికిన్ రామెన్ బజారుకొచ్చింది. ధర 35 యెన్లు. తాజా ఉడోన్ నూడుల్స్ అప్పుడు 6 యెన్లకే దొరికేది. తర్వాత ఆయన అమెరికా వెళ్లినప్పుడు, అక్కడివాళ్లు నూడుల్స్ దిమ్మను విరిచి కాగితపు కప్పులో వేసి ఫోర్కుతో తినడం చూశాడు. 1971 నాటి కప్ నూడుల్స్ అలా పుట్టింది. ఆండో 2007 జనవరిలో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. 2023లో ప్రపంచం తిన్న ఇన్‌స్టంట్ నూడుల్స్ దాదాపు 12,000 కోట్ల పొట్లాలని ఆ పరిశ్రమ సంఘం లెక్క.

అది రోజూ తినాల్సిన తిండి కాదు. మైదా, నూనె, ఉప్పు తప్ప అందులో ఒంటికి పట్టేది తక్కువ. పిల్లలకు పెట్టే తల్లిదండ్రులు ఈ సంగతి మరిచిపోకూడదు. కానీ భూకంపాలు, వరదలు వచ్చినచోట వేడినీళ్లుంటే చాలు, కడుపు నింపుతుంది. ఆకలి చూసి పుట్టిన వస్తువుకు ఆ గౌరవం దక్కాలి.

చేతి సేమ్యాకు ఈ వైభవం లేదు. చేసేవాళ్లు తగ్గిపోతున్నారు. మీ ఇంట్లో ఆ పని తెలిసిన అమ్మమ్మో నాయనమ్మో ఉంటే, ఈ ఎండాకాలం ఆమె పక్కన కూర్చోండి. పిండి పాళ్లు రాసుకోండి, చేతుల కదలికను ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. ఇంకో ఏడాది చూద్దామని వాయిదా వేయకండి.