గోదారికి చూపించిన పుట్టినరోజు

మా ఇంట్లో పుట్టినరోజుకి తారీకు చూసేవాళ్లు కాదర్రా, తిథి చూసేవాళ్లు. మా చిన్న తమ్ముడు పుట్టింది కార్తీక శుద్ధ దశమినాడు. వాడికి అయిదు నిండి ఆరో ఏడు వచ్చిన రోజున మా నాన్న ఇంటిల్లిపాదినీ లాంచీ ఎక్కించి గోదారి లంకలోని పట్టిసీమ గుడికి తీసుకెళ్లాడు. 1962 నాటి మాట. మంటలో ఇంకో పుల్ల వేసి దగ్గరికి జరగండి, చెప్తాను.

గోదారిది ఒక్కో కాలంలో ఒక్కో తీరు. ఆషాఢంలో పైనుంచి కొత్తనీరు ఎర్రగా దిగుతుంది. పులస సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చేది ఆ ఎర్రనీటికే. శ్రావణ భాద్రపదాల్లో వరద. ఆ రోజుల్లో సరదాకి పడవెక్కాలని మా ఊళ్లో ఎవరూ అనుకునేవారు కాదు. దసరా దాటాక నీరు తేటబడుతుంది. దీపావళి వెళ్లాక నది నెమ్మదిస్తుంది. ఎండాకాలంలోలా ఇసుక మేటలు అడ్డం రావు, లాంచీకి చాలినంత లోతుంటుంది. అందుకే మా పెద్దలు పట్టిసీమ ప్రయాణం కార్తీకంలో పెట్టుకునేవారు. తమ్ముడు ఆ మాసంలో పుట్టడం మా అందరి అదృష్టం.

ఆవేళ తెల్లవారుజామునే అమ్మ వాడికి నువ్వులనూనె పట్టించి, నలుగు పెట్టి, తలంటు పోసింది. కొత్త చొక్కా అంచుకి పసుపు రాసి తొడిగింది. నువ్వులూ బెల్లమూ కలిపిన పాలు దేవుడి దగ్గర పెట్టి, మార్కండేయుణ్ణి తలుచుకోమంది. అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు అని ఏడుగురు చిరంజీవుల పేర్లూ వాడిచేత పలికించి అప్పుడు ఆ పాలు తాగించింది. హారతిచ్చాక పెద్దలందరూ అక్షింతలు వేశారు. మా నాయనమ్మ వేస్తూ, "గోదారంత ఆయుష్షు నాయనా" అంది.

పులిహోర, దద్దోజనం, గారెలు క్యారేజీల్లో సర్దుకున్నాం. ఆత్రేయపురం నుంచి పిన్ని తెచ్చిన పూతరేకులు మా నాయనమ్మ ఒళ్లో పెట్టుకుంది, నలిగిపోతాయని ఎవరికీ ఇవ్వలేదు. రాజమండ్రి రేవుకి వెళ్లేసరికి లాంచీ నిండా జనం. అప్పట్లో పోలవరం వైపుకీ, ఆ పైన ఏజెన్సీ ఊళ్లకీ లాంచీలే పెద్ద దిక్కు. ఉప్పు, కిరసనాయిలు పైకి వెళ్లేవి, చింతపండు, వెదురు కిందికి వచ్చేవి. సంతకెళ్లేవాళ్లు, పెళ్లివారు, పురిటికెళ్లే ఆడపిల్లలు, అందరూ అందులోనే.

లాంచీ నడిపే సరంగు మమ్మల్ని చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇంక ఎక్కకూడదండి. తరవాతి లాంచీకి రండి." మా బాబాయి ఊరుకోలేదు. "పిల్లాడి పుట్టినరోజయ్యా, మధ్యాహ్నం లోపు గుడికి చేరాలి" అన్నాడు. "ఆయ్, అందుకేనండి చెబుతున్నది. బరువు మించిన లాంచీలో చంటోణ్ణి ఎక్కించకూడదండి" అన్నాడు ఆ సరంగు. బాబాయి ఇంకా ఏదో అనబోతుంటే మా నాన్న భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. "నేల మీద మన మాట, నీళ్ల మీద ఆయన మాట" అన్నాడు. రేవు మెట్ల మీద కూర్చుని తరవాతి లాంచీ దాకా ఆగాం. మా నాన్న నోట నేను విన్న మాటల్లో అంత విలువైనది మరొకటి లేదు.

లాంచీ కదిలింది. 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన ఒక్కటే అప్పుడు రాజమండ్రి దగ్గర గోదారి మీద ఉండేది. 56 ఖానాలు దానికి. తమ్ముడు లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఇరవై దాటాక తప్పిపోయి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. ముందు అంచున ఒక కుర్రాడు గడకర్రతో లోతు చూస్తూ సరంగుకి కేక వేసి చెప్పేవాడు. ఈ లాంచీ సరంగు తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చక్రం మీద చెయ్యి వేయించాడు. "అదిగో, అక్కడ నీళ్లు చిన్నచిన్నగా వణుకుతున్నాయి చూశావా బాబూ? అడుగున ఇసుక ఉన్నట్టు. నున్నగా ఉన్న చోట లోతు ఉన్నట్టు" అని చెప్పాడు. వాడితోపాటు మేమంతా నేర్చుకున్నాం.

నది మధ్యకి రాగానే నాయనమ్మ పసుపు, కుంకుమ, ఒక కానీ గోదారిలో వేసి, తమ్ముడిచేత దణ్ణం పెట్టించింది. "ఎందుకూ?" అన్నాడు వాడు. అప్పుడు మా నాన్న ధవళేశ్వరం ఆనకట్ట సంగతి చెప్పాడు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. అంతకుముందు ఇంత నీరూ సముద్రం పాలవుతుంటే ఈ గట్టున జనం కరువుతో చచ్చిపోయేవారు. ఆనకట్ట కట్టాక కాలవలు, కాలవల వల్ల వరిచేలు. "పొద్దున్న నువ్వు తిన్న అన్నం ఈ నీళ్లదేరా. అన్నం పెట్టిన తల్లికి పుట్టినరోజున కనబడి వెళ్లాలి" అన్నాడు.

పట్టిసీమ లంకలో కొండ మెట్లెక్కి వీరభద్రస్వామిని, క్షేత్రపాలకుడు భావనారాయణస్వామిని చూశాం. కిందికి దిగి ఇసుకలో ఉసిరికొమ్మ పాతి, దాని పక్కన అరటాకులు పరిచాం. మేం కూర్చోబోతుంటే నాయనమ్మ ఆపింది. తమ్ముణ్ణి పంపి, మమ్మల్ని తీసుకొచ్చిన సరంగునీ ఇంజను చూసే అతన్నీ గడ పట్టిన కుర్రాణ్ణీ పిలిపించింది. మొదటి ఆకులు వాళ్లవి. గారెలు, పూతరేకులు తమ్ముడి చేత్తోనే వడ్డింపజేసింది. వాళ్లు తిని, చేతులు కడుక్కుని, వాడి నెత్తిన చెయ్యి పెట్టి "చల్లగా ఉండు బాబూ" అన్నారు. ఆ తరవాతే మేం తిన్నాం.

1974లో రోడ్డు, రైలు కలిసిన వంతెన వచ్చింది. బస్సులు పెరిగాయి, లాంచీలు తగ్గాయి. పాత వంతెన మీద 1997లో రైళ్లు ఆపేశారు. 2015 నుంచి పట్టిసీమ దగ్గర నీరు ఎత్తిపోసి కృష్ణకి పంపుతున్నారు. ఇప్పుడు లాంచీ ఎక్కేది ఎక్కువగా పాపికొండలు చూడ్డానికే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర, వరద పారుతున్నప్పుడు, పడవ మునిగి యాభైమంది దాకా పోయారు. చిన్నపిల్లలూ ఉన్నారు. ఆ వార్త విన్న రాత్రి నాకు అన్నం సయించలేదు. గోదారి మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. దాని కాలం ఎరిగి వెళ్లాలి, అంతే.

మీరు వెళ్లండర్రా. మీ పిల్లల్నీ తీసుకెళ్లండి. వరద ఉన్నప్పుడు మాత్రం వద్దు. లైఫ్ జాకెట్ ఎక్కినప్పుడు వేసుకుని గట్టున దిగాకే విప్పండి. జనం ఎక్కువైతే, సరంగు ఎక్కించుకుంటానన్నా మీరే ఆగిపోండి. కేకు కోసుకోండి, పాటలు పాడుకోండి. మొదటి ముక్క మాత్రం పడవ నడిపినవాళ్లకి పిల్లాడి చేత్తోనే పెట్టించండి. పుట్టినరోజంటే ఒక ఏడు పెద్దవాళ్లమయ్యామన్న సంబరమే, కాదనను. ఆ ఏడంతా మనల్ని బతికించిన నీటికీ మనుషులకీ దణ్ణం పెట్టుకున్నప్పుడే ఆ సంబరం నిండుతుంది.