నెత్తి మీద గాయం, నుదుటి చర్మం: సుశ్రుతుడి దగ్గరే ఆగిపోయిన మన నోట్సు

ప్రిలిమ్స్ నోట్సులో ఈ లైను మనందరి దగ్గరా ఉంటుంది: సుశ్రుతుడు, ప్లాస్టిక్ సర్జరీ పితామహుడు, ముక్కు శస్త్రచికిత్స. నేనూ అంతే రాసుకుని పేజీ తిప్పేశాను. మా ఏంబలంలో పక్కింటి పెద్దాయనకు తోడుగా ఆసుపత్రికి వెళ్లాకే ఆ లైను ఎంత తక్కువ చెబుతుందో తెలిసింది.

ఆయనకు చిన్నప్పుడు నెత్తి కాలింది. ఆ మచ్చ మీద ఏళ్ల తర్వాత మానని పుండు లేచింది. పాత కాలిన మచ్చలో పుట్టే ఇలాంటి క్యాన్సర్‌ను ఫ్రెంచ్ సర్జన్ మార్జోలిన్ పేరుతో మార్జోలిన్ అల్సర్ అంటారు. పుండును కోసి తీసేశారు. మిగిలింది అరచేయంత గాయం. తొడ చర్మం పలుచగా తీసి అతికిస్తే సరిపోదా అని అడిగాను. ఎముక మీది పొర కూడా తీసేయాల్సి వచ్చింది, దాని మీద అతుక్కోదు, పక్క చర్మాన్నే తిప్పి తేవాలి అన్నారు డాక్టరు. "ఏమంటున్నారు బాబూ?" అని పెద్దాయన అడిగితే నాకు వెంటనే చెప్పడం రాలేదు.

నెత్తి చర్మానికి అయిదు పొరలు. వాటి ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలు కలిపితే స్కాల్ప్ అనే మాటే వస్తుంది. మనలాంటి వాళ్లకు ఇంతకన్నా మంచి నెమోనిక్ దొరకదు. మూడో పొర గేలియా, గట్టి పట్టీ లాంటిది, సాగదు. అందుకే పొట్ట మీద గాయం లాగి కుట్టినట్టు ఇక్కడ కుదరదు. సుమారు 3 సెంటీమీటర్ల వెడల్పు దాటితే అంచులు కలపడం కష్టం. అట్టడుగు పొర పెరిక్రేనియం. ఎముకను అంటుకుని ఉండే ఈ పొరలో రక్తనాళాలు ఉంటాయి. అది మిగిలి ఉంటే వేరే చోటి నుంచి తెచ్చిన పలుచటి చర్మం, అంటే గ్రాఫ్ట్, దాని రక్తంతో బతుకుతుంది. అది పోయి వట్టి ఎముక బయటపడితే గ్రాఫ్ట్ ఎండిపోతుంది. అంటే అసలు సమస్య చర్మం దొరకడం కాదు, దానికి రక్తం అందడం.

ఇది పాత సమస్యే. ఫ్రెంచ్ సర్జన్ బెలోస్త్ 1696లో అచ్చయిన పుస్తకంలో, బయటపడ్డ ఎముక పైపొరకు చిన్న చిన్న రంధ్రాలు వేయమన్నాడు. లోపలి నుంచి ఎర్రని కొత్త కండ మొలుచుకొచ్చి ఎముకను కప్పుతుంది. అమెరికా సరిహద్దు యుద్ధాల్లో నెత్తి చర్మం ఒలిచేసినా బతికిన వాళ్లకు జేమ్స్ రాబర్ట్‌సన్ అనే సెటిలర్ ఇదే పని చేసి, 1806లో ఫిలడెల్ఫియా వైద్య పత్రికలో రాశాడు. ఓపిక కావాల్సిన వైద్యం.

రెండో దారి, రక్తం ఆగకుండానే చర్మాన్ని కదిలించడం, మన దేశం నుంచే ప్రపంచానికి తెలిసింది. దాని స్పష్టమైన రికార్డు మాత్రం సుశ్రుత సంహితలో కాదు, పూనాలో ఉంది.

మూడో ఆంగ్లో-మైసూరు యుద్ధాన్ని మనం 1792 శ్రీరంగపట్నం సంధి కోసం చదువుతాం. ఆ యుద్ధంలో ఇంగ్లిష్ సైన్యానికి ఎడ్లు తోలిన మరాఠా రైతు కోవాస్జీ టిప్పు సైన్యానికి చిక్కాడు. ముక్కూ, ఒక చెయ్యీ కోసి వదిలేశారు. ఏడాది పాటు ముక్కు లేకుండానే ఉన్నాడు. తర్వాత పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక మనిషి అతనికి ముక్కు పెట్టాడు. బొంబాయి ప్రెసిడెన్సీ సర్జన్లు క్రూసో, ఫిండ్లే ఎదురుగా చూశారు. జేమ్స్ వేల్స్ బొమ్మ గీశాడు. 1794 అక్టోబరులో లండన్ జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ దాన్ని అచ్చువేసింది.

ఆ వివరణ చదవదగ్గది. మైనాన్ని పలుచగా ముక్కు ఆకారంలో అమర్చి, దాన్ని విప్పి నుదుటి మీద పరిచి, చుట్టూ గీత గీశాడు. ఆ మేర చర్మం ఒలిచాడు, కానీ రెండు కళ్ల మధ్య సన్నటి పట్టీ మాత్రం కోయకుండా వదిలాడు. రక్తం వచ్చే దారి అదే. చర్మాన్ని కిందికి తిప్పి ముక్కు చోట ఆనించి, నీళ్లలో మెత్తబరిచిన కాచు పూసిన గుడ్డ పేలికలు అతుకుల మీద వేశాడు. నాలుగు రోజుల తర్వాత నేతిలో తడిపిన గుడ్డ. సుమారు 25వ రోజున, కొత్త చోట రక్తం పట్టాక, పట్టీ కోశాడు. నేను చదివింది ఇంజనీరింగ్ కాబట్టి నాకిది కొత్త పైపులైను పనిచేసేదాకా పాతది మూయకపోవడంలా అనిపించింది.

లండన్ సర్జన్ జోసెఫ్ కార్ప్యూ శవాల మీద సాధన చేసి, 1814 అక్టోబరు 23న ఒక సైనికాధికారికి ఇదే చేశాడు. 1816లో పుస్తకం తెచ్చాడు. సుశ్రుత సంహిత లాటిన్ అనువాదం మొదలైంది 1844లో. కాబట్టి ఐరోపాకు ఈ విద్య గ్రంథం నుంచి కాదు, ఆ ఇటుకల మనిషి చేతి నుంచి వెళ్లింది. సుశ్రుతుడు చెప్పింది చెంప చర్మం, పూనాలో తీసింది నుదుటి చర్మం. మధ్యలో ఎవరో మార్చారు, శతాబ్దాల పాటు చేసి చూశారు. మెయిన్స్‌లో "అవిచ్ఛిన్న సంప్రదాయం" అని ఒక్క మాటలో రాసేస్తే వాళ్లంతా చెరిగిపోతారు. చూసిన ఇద్దరు సర్జన్ల పేర్లు దొరికాయి, గీసినవాడి పేరు దొరికింది; చేసినవాడిది కులం మాత్రమే దొరికింది. ఇది సైన్స్ అండ్ టెక్నాలజీ పాయింటు ఎంతో, సామాజిక చరిత్ర పాయింటూ అంతే.

నెత్తికి ఈ సూత్రాన్ని పెద్ద ఎత్తున వాడింది 20వ శతాబ్దంలో. కొలంబియా సర్జన్ ఒర్టికోచియా 1967లో మిగిలిన నెత్తి చర్మాన్ని నాలుగు ఫ్లాపులుగా విడదీసి పెద్ద గాయాన్ని కప్పే పద్ధతి ప్రచురించాడు. సాగని గేలియాకు లోపలి వైపు గీట్లు పెట్టి కాస్త సాగేలా చేస్తారు. 1972లో మెక్లీన్, బంకీ పట్టీ అవసరాన్నే దాటేశారు: కడుపులోని కొవ్వు పొరను తెచ్చి, దాని రక్తనాళాలను మైక్రోస్కోప్ కింద నెత్తి నాళాలకు కుట్టి, పైన గ్రాఫ్ట్ వేసిన కేసును ప్రకటించారు. మన దగ్గర 1994లో లూధియానాలో డాక్టర్ అబ్రహం థామస్, గడ్డి కోసే యంత్రంలో జడ చిక్కి ముఖమూ నెత్తీ ఊడిపోయిన ఒక చిన్నారికి వాటిని తిరిగి అతికించారు. ప్రపంచంలో పూర్తి ముఖం అలా అతికించడం అదే మొదలని చెబుతారు.

పెద్దాయనకు చెవి పైనున్న చర్మాన్ని తిప్పి గాయం మీదికి తెచ్చారు. ఒక పక్క నాళం తెగకుండా ఉంచారు. చర్మం తీసిన చోట ఎముక పొర మిగిలే ఉంది కనుక, అక్కడ తొడ చర్మమే పట్టింది. ఇంటికొచ్చాక మైనం, నుదురు, పట్టీ కథంతా చెప్పాను. "ఎడ్లు తోలేవాడా?" అని మాత్రం అడిగాడు; ఆయనా కుర్రతనంలో బండి తోలినవాడే. ఇప్పుడు తిప్పి తెచ్చిన చోట జుట్టు పెరిగింది, తొడ చర్మం వేసిన చోట పెరగలేదు. తువ్వాలు ఆ వైపుకు కొంచెం ఎక్కువ లాగి చుట్టుకుంటాడు.