రాసిచ్చిన ఇల్లు: మనువు పంపకం నుంచి ఆర్డీవో తీర్పు దాకా

తైత్తిరీయ సంహితలో ఒక చిన్న కథ ఉంది. మనువు బతికుండగానే తన ఆస్తిని కొడుకులకు పంచేశాడు. నాభానేదిష్ఠుడు అప్పుడు గురుకులంలో చదువుకుంటున్నాడు. పంపకంలో అతని ఊసే రాలేదు. తిరిగొచ్చి, నా వాటా ఏదని తండ్రిని నిలదీశాడు. నిన్ను నేను కాదనలేదంటూ తండ్రి సర్ది చెప్పి, అంగిరసుల పశువులు దక్కే దారి ఒకటి చూపించాడు. చదువుకోసం దూరం వెళ్లినవాణ్ని మరిచి దగ్గరున్నవాళ్లకు పంచడం, తర్వాత పంచాయితీ. డాలస్‌లో ఉన్న కొడుక్కీ కూకట్‌పల్లిలో ఉన్న కూతురికీ మధ్య ఇవాళ నడిచేదీ ఇదే.

ఆస్తి పంపకాల ఈ సుదీర్ఘ చరిత్రంతా రెండు భయాల మధ్య నడిచింది. తండ్రి ఆస్తిని తగలేస్తాడేమో, ఎవరికైనా రాసిచ్చేస్తాడేమో అన్నది కొడుకుల భయం. రాసిచ్చాక వీధిన పడేస్తారేమో అన్నది పెద్దవాళ్ల భయం. వెయ్యేళ్ల కిందట శాస్త్రం మొదటి భయం పక్షాన నిలిచింది. ఇవాళ చట్టం రెండో భయం పక్షాన నిలుస్తోంది. ఒక కొస నుంచి రెండో కొసకు ఎలా వచ్చామన్నదే అసలు కథ.

పుట్టుకతో వచ్చిన హక్కు

తెలుగు నేలమీద ఎందరో అనుసరించే ఆపస్తంబ ధర్మసూత్రం, తండ్రి తాను జీవించి ఉండగానే కొడుకులకు సమంగా పంచాలని చెప్పింది. అంటే పంచేవాడు తండ్రి, పంచే వేళ కూడా అతని చేతిలోదే. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడి కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాసి ఈ వ్యవహారాన్ని మలుపు తిప్పాడు. పిత్రార్జితంలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు ఉందని తేల్చాడు. ఇక ఇల్లూ భూమీ తండ్రి ఒక్కడివి కావు. ఆపద వచ్చినా, కుటుంబ అవసరం పడినా, ధర్మకార్యానికైనా తప్ప కొడుకుల్ని కాదని వాటిని వదులుకోకూడదు. బెంగాల్లో జీమూతవాహనుడి దాయభాగం ఇందుకు భిన్నంగా, తండ్రి పోయాకే కొడుకు హక్కు మొదలవుతుందని చెప్పింది. మనకు నడిచింది మితాక్షరే. 13వ శతాబ్దంలో తిక్కన శిష్యుడు కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

ఈ ఏర్పాటులో ముసలి తండ్రి ఇల్లు రాసివ్వడమన్న ప్రశ్నే పెద్దగా లేదు. కొడుక్కి ఉన్నదాన్ని కొత్తగా ఇవ్వడమేమిటి? పెద్దాయన అరుగుమీద కూర్చున్నా, మంచాన పడినా ఇల్లు ఉమ్మడిది. తల్లికి మాత్రం ఆ ఇంట్లో చోటు ఉండేది, కాగితం ఉండేది కాదు. కూతురికి పెళ్లిలో పసుపుకుంకుమల కింద ఎకరమో అరెకరమో ఇస్తే అదే ఆమె భాగ్యం.

కాగితం చేతికొచ్చింది

ఆంగ్లేయుల కోర్టులు వచ్చాక వీలునామా వచ్చింది. హిందువు వీలునామా రాయవచ్చని, అయితే పుట్టని వ్యక్తికి ఆస్తి ఇవ్వడం చెల్లదని 1872లో టాగూర్ల వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. రెండేళ్లకు, 1874లో, మద్రాసు హైకోర్టు ఉమ్మడి ఆస్తిలోని వాటాకు వీలునామా పనికిరాదంది. మనిషి పోయిన క్షణానే మిగిలిన దాయాదుల హక్కు లేచి నిలుస్తుంది, వీలునామా దాని వెనకే వస్తుందన్నది ఆ తీర్పు తర్కం. దాంతో తాత తన వాటాను ఇష్టమైన మనవడికి రాసిపోయే దారి మూసుకుపోయింది.

స్వార్జితానికి ఆ ఇబ్బంది లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఇల్లు దానమిస్తే దస్తావేజు రిజిస్టరు కావాలని, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలని, దాత బతికుండగానే గ్రహీత ఒప్పుకోవాలని నిబంధన పెట్టింది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ఆ పద్ధతిని స్థిరపరిచింది. ముస్లిం కుటుంబాల దానానికి, అంటే హిబాకు, మాత్రం 1882 చట్టమే మినహాయింపు ఇచ్చింది. ఇస్తున్నానని చెప్పడం, తీసుకుంటున్నానని ఒప్పుకోవడం, స్వాధీనపరచడం జరిగితే చాలు. తండ్రీ కొడుకులు ఒకే ఇంట్లో ఉంటున్నప్పుడు తండ్రి మూట సర్దుకుని గడప దాటి చూపించనక్కర్లేదు.

పన్నుల కాలం

స్వతంత్రం వచ్చాక కొంతకాలం ఇంటి బదిలీ వెనక ప్రేమతోపాటు పన్ను లెక్క కూడా నడిచింది. 1953లో ఎస్టేట్ డ్యూటీ వచ్చింది. చనిపోయేవారు ఆఖరి రెండేళ్లలో ఇచ్చిన దానాల్ని కూడా ప్రభుత్వం వారి ఆస్తిలోనే కలిపి లెక్క కట్టేది. ఇల్లు రాసిచ్చి అందులోనే ఉంటూ అనుభవిస్తే ఆ దానాన్నీ లెక్కలోకి లాగేది. అందుకే స్థితిపరులు ఆరోగ్యంగా ఉండగానే తొందరపడి రాసిచ్చేవారు. ఆ సందు మూయడానికి 1958 బడ్జెట్‌లో గిఫ్ట్ ట్యాక్స్ వచ్చింది. ఆ ఏడాది బడ్జెట్ ప్రవేశపెట్టింది ప్రధాని నెహ్రూయే. ఎస్టేట్ డ్యూటీ 1985లో, గిఫ్ట్ ట్యాక్స్ 1998లో పోయాయి. దగ్గరి బంధువులకు ఇచ్చే దానంమీద ఇవాళ ఆదాయపు పన్ను లేదు. స్టాంపు ఖర్చు మాత్రం ఉంది. వీలునామాకైతే అదీ లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు.

ఆడవాళ్ల పేరు మీదకు

అసలు మార్పు 1956 హిందూ వారసత్వ చట్టంతో మొదలైంది. ఉమ్మడి ఆస్తిలో తన వాటాకు వీలునామా రాసే హక్కు అప్పుడు వచ్చింది. విచిత్రమేమిటంటే, ఆ వాటాను బతికుండగా దానం ఇవ్వడానికి మాత్రం ఇప్పటికీ మిగతా దాయాదుల ఒప్పుదల కావాలి. పోయాక చెల్లేది, ఉండగా చెల్లదు. అందుకే మన దస్తావేజుల్లో మొదటి వాక్యాల్లోనే 'నా స్వార్జితమగు' అన్న మాట పడుతుంది.

భర్త పోయిన స్త్రీకి అంతకుముందు దక్కింది బతికున్నన్నాళ్లు తిని వెళ్లే హక్కే. 1956 చట్టం దాన్ని పూర్తి హక్కు చేసింది. ఈ మాటకు అర్థం తేల్చింది నెల్లూరు ప్రాంతం నుంచి వెళ్లిన వ్యాజ్యం. మనోవర్తి కోసం మరిదితో పోరాడిన తులసమ్మకు 1949 రాజీలో జీవితకాల అనుభవానికి కొంత ఆస్తి దక్కింది. అది ఆమెకు సర్వహక్కులతో చెందుతుందని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పోషణ హక్కు కిందికి వచ్చిన ఆస్తిని 'ఆమె తదనంతరం మాదే' అని రాసుకున్నా చెల్లదన్నమాట. భార్యకు జీవితకాలం, తర్వాత కొడుక్కి అంటూ వీలునామా రాసేవాళ్లు ఇవాళ్టికీ ఈ తీర్పును దృష్టిలో పెట్టుకోవాలి.

1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చేలా ఎన్.టి.రామారావు ప్రభుత్వం పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో కేంద్రం ఆ పెళ్లి షరతు కూడా తీసేసింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండకపోయినా కూతురి హక్కు నిలుస్తుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. దీనికి విరుగుడుగా, ముందే కొడుకు పేర ఇల్లు రాయించుకోవడం చాలా ఇళ్లలో తొందర పనైంది.

'నీకు దఖలు పరచడమైనది'

ఆ తొందరలో రాసే దాన సెటిల్‌మెంట్ దస్తావేజును ఒకసారి దగ్గరగా చూడండి. 'నాకు వయసు మీరినందునను, నీవు నన్ను ప్రేమాభిమానములతో చూచుకొనుచున్నందునను' అని మొదలవుతుంది. హద్దులు, గజాలు, ఇంటి నంబరు, కరెంటు మీటరు నంబరు వరసగా వస్తాయి. 'నేటి నుండి సదరు ఆస్తిని నీవు పుత్రపౌత్ర పారంపర్యముగా దాన, వినిమయ, విక్రయాది సర్వహక్కులతో అనుభవించవలసినది' అని ముగుస్తుంది. నడవలేనివారికి సబ్‌రిజిస్ట్రారు ఇంటికే వస్తారు. మంచం పక్కనే ఎడమ బొటనవేలు ముద్ర తీసుకుంటారు. పొలం హద్దులో అడుగు తేడా వస్తే గుర్తుపట్టే మనిషి కూడా, ఆ నాలుగు పేజీల్లో తాను ఎక్కడ ఉండబోతున్నాడో రాసి ఉందా అని అడగడు. చూసుకొనుచున్నందున అని ఉంటుంది కానీ, చూసుకోవలెను అని ఉండదు.

ఆ ఒక్క మాట తేడా ఎంతటిదో 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చూపించింది. కనీస అవసరాలు తీర్చాలన్న షరతుతో ఆస్తి రాయించుకుని తీర్చకపోతే, ఆ బదిలీని మోసంగా భావించి రద్దు చేయవచ్చని 23వ సెక్షన్ అంది. 60 ఏళ్లు నిండినవారు ఏ సివిల్ కోర్టుకీ పోనక్కర్లేదు. మన రాష్ట్రాల్లో ఆర్డీవోయే ట్రిబ్యునల్. అయితే షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022లో సుప్రీంకోర్టు కచ్చితంగా చెప్పింది. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్ తల్లి ఒకామె విషయంలో అదే కోర్టు ఉదారంగా నడిచింది. దానపత్రం రాసిన రోజునే కొడుకు ఆమెకు ఒక వచన పత్రం ఇచ్చాడు: కడదాకా చూసుకుంటాను, లేకపోతే దానం వెనక్కి తీసుకోవచ్చు. ఆ కాగితం ఆధారంగా కోర్టు దానపత్రం రద్దు చేసి ఇల్లు ఆమెకు తిరిగి ఇప్పించింది. చట్టానికి మరో వైపూ ఉంది. దీన్ని అడ్డం పెట్టుకుని కోడల్ని ఇంట్లోంచి వెళ్లగొట్టడం కుదరదని 2020లోనే సుప్రీంకోర్టు హెచ్చరించింది.

ఇప్పుడు ఉన్న దారులు

ఇంటిని పిల్లలకు అప్పగించాలనుకునే పెద్దలకు ఇప్పుడు మూడు దారులు ఉన్నాయి. వీలునామా రాస్తే ఆఖరి శ్వాస దాకా ఇల్లు తమదే, ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. కానీ పోయాక తగాదా వస్తే జవాబు చెప్పడానికి రాసినవారు ఉండరు. రెండోది, జీవితకాల అనుభవం తమకే ఉంచుకుని దానమివ్వడం. ఇలా స్వాధీనం ఇవ్వకుండా, అద్దెలు తానే తీసుకుంటూ ఇచ్చిన దానం కూడా చెల్లుతుందని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన వ్యాజ్యంలో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పు, దాత తర్వాత మనసు మార్చుకుంటే రద్దు చేయడం కుదరదని కూడా చెప్పింది. మూడోది, పోషణ షరతు రాసిన దానం. రెండో, మూడో పద్ధతులు ఒకే దస్తావేజులో కలిపి రాసుకోవడం అన్నిటికన్నా మేలు.

మితాక్షర కొడుకుని రక్షించడానికి రాతకోతలేవీ అడగలేదు, పుట్టుకే చాలంది. నేటి చట్టం పెద్దలను రక్షించడానికి కాగితం మీద ఒక వాక్యం అడుగుతోంది. ఆ వాక్యాన్ని కొడుకు ముందు రాయించడానికి తండ్రికి మొహమాటం, తల్లికి ఇంకా మొహమాటం. నిజానికి సిగ్గుపడాల్సింది అడిగేవాళ్లు కాదు, రాయడానికి ఒప్పుకోనివాళ్లు. ఒప్పుకోనివాళ్లకు ఇల్లు రాసివ్వక్కర్లేదు. వీలునామా రాసి బీరువాలో పెట్టుకుంటే సరిపోతుంది.